మూడో దీపం వెలగకూడదు

రండర్రా, రండి! ఆ బల్ల కాస్త ఇటు జరుపుకోండి. బీరు గ్లాసులు చప్పుడు కాకుండా కింద పెట్టండి. ఆ మూల గుసగుసలాడుతున్న మీ ఇద్దరూ, ఆ పెళ్లి సంబంధం సంగతి తర్వాత తేల్చుకోండి. నేను చెప్పబోయేది బల్ల మీద పట్టే ఊరి కథ, వేలెడంతైనా లేని దీపాల కథ, ఏడాదిపాటు ఉప్పులో ఊరిన పగ కథ. ఇందులో ఒక్క అబద్ధం ఉన్నా నా మీసం గొరిగించేసుకుంటాను. నాకు మీసం లేదనుకోండి, అది వేరే సంగతి.

మా క్రుమ్మెన్‌బాఖ్‌లో మాంసం కొట్టు గెర్నోట్ అంటే తెలియనివాడు లేడు. నలభై ఏళ్లు సాసేజులు చుట్టి చుట్టి ఆయన వేళ్లు కూడా సాసేజుల్లాగే తయారయ్యాయి. ఒకసారి కొట్లో ఒకావిడ పొరపాటున ఆయన చూపుడువేలు కూడా తూకం వేయమందిట. అలాంటి వేళ్లున్న మనిషి కొట్టు అల్లుడికి అప్పగించి, ఇంటి కింద గదిలో చేరి, బొమ్మ రైళ్ల ఊరు కట్టడం మొదలుపెట్టాడు. మా వైపు మగాళ్లకి అరవై దాటితే రెండే దార్లు. ఒకటి చర్చి, రెండోది ఇంటి కింద గది. గెర్నోట్‌కి చర్చిలో నిద్రొస్తుంది.

ఏటా నవంబరులో టౌన్ హాల్లో మా రైళ్ల క్లబ్బు ప్రదర్శన పెడుతుంది. దానికి ముందు వారం అదే హాల్లో కుందేళ్ల ప్రదర్శన జరుగుతుంది. అందుకే మా రైళ్లు ఎప్పుడూ కాస్త ఎండుగడ్డి వాసన వేస్తుంటాయి. ప్రతి బొమ్మ ఊరి ముందూ ఒక చెక్క పలక ఉంటుంది. ఆ ఊరు ఏ సంవత్సరం నాటిదో దాని మీద రాయాలి. రాశాక, ఆ ఏటిది కాని వస్తువు ఆ ఊళ్లో ఒక్కటి కనబడినా తప్పే. తప్పు పట్టుబడిన మనిషి నలుగురి ముందూ క్లబ్బు టోపీ తీసెయ్యాలి. ప్రదర్శన అయ్యేదాకా బోడి తలతో నిలబడాలి. రోజూ సాయంత్రం నాలుగింటికి కిటికీల పరదాలు లాగి, హాల్లో దీపాలార్పి, బొమ్మ ఊళ్లలో దీపాలు వెలిగిస్తారు. దాన్ని మేం రాత్రి బండి అంటాం. జనం వచ్చేదే దానికోసం.

ఆ వేళ మైకు పట్టుకునేవాడు క్లబ్బు అధ్యక్షుడు వెండెలిన్. భూములు కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు గానీ, కొలిచే జబ్బు రిటైరవలేదు. కోటు జేబులో ఎప్పుడూ వెర్నియర్ కాలిపర్ ఉంటుంది. పెళ్లాం కోసిన కేకు ముక్కల్ని కూడా దాంతో కొలుస్తాడని చెప్పుకుంటారు. తలమీద క్లబ్బు టోపీ కాదు, వాళ్ల నాన్న వేసుకున్న అసలు సిసలు స్టేషన్ మాస్టరు ఎర్రటోపీ. మాట మొదలెడితే ఆ టోపీతోనే. "మా నాన్న ఇరవై ఆరేళ్లు ఈ ఊరి స్టేషన్ నడిపాడు. ఒక్క నిమిషం తేడా రాలేదు. స్టేషన్ గడియారమే ఆయన్ని చూసి టైము దిద్దుకునేది. మా ఇంట్లో తప్పు అనేది పుట్టలేదు!"

కిందటేడు గెర్నోట్ మా క్రుమ్మెన్‌బాఖ్‌నే బొమ్మ ఊరుగా కట్టి తెచ్చాడు. పలక మీద 1957 అని రాసి ఉంది. స్టేషనూ చర్చీ బేకరీ చూసి జనం ముచ్చటపడ్డారు. వీధి దీపాలు మాత్రం కొట్లో కొన్నవి, మెడ వంచిన పొడుగు స్తంభాలు. తెల్లగా కళ్లు చెదిరే వెలుతురు. రాత్రి బండి మొదలవగానే వెండెలిన్ కాలిపర్ తీశాడు. ఒక దీపానికి ఆనించాడు. మైకులో గొంతు సవరించుకున్నాడు.

"పదకొండు సెంటీమీటర్లు! దీన్ని ఎనభై ఏడుతో గుణించండి, అదే కదా మన బొమ్మల లెక్క. తొమ్మిదిన్నర మీటర్లు! గెర్నోట్ గారూ, మీ ఊళ్లో ఈ దీపం కింద పేపరు చదివేవాళ్లు ఎవరండీ? జిరాఫీలా?"

హాలంతా గొల్లుమంది.

"పైగా ఈ మెడవంపు దీపం మన ఊళ్లోకి వచ్చింది డెబ్భైల్లో. యాభై ఏడులో దీని అమ్మ కూడా పుట్టలేదు. టోపీ తీయండి గెర్నోట్ గారూ, తీయండి. చల్లగాలి తగులుతుంది."

గెర్నోట్ టోపీ తీశాడు. ఆ బోడి తల మీద మూడు రోజులపాటు హాలు దీపాలన్నీ మెరిశాయి. అది కూడా ఓర్చుకునేవాడే. కానీ మర్నాటి నుంచి ఊరు ఊరంతా ఆయన పేరు జిరాఫీ అని మార్చేసింది. బేకరీలో అమ్మాయి, "రొట్టె పై అరలో ఉంది గెర్నోట్ గారూ, మీకైతే అందుతుందిగా!" అంది. పోస్టుమాన్ ఉత్తరాలు గేటు మీదనుంచి పైకి ఎత్తి పట్టుకుని నిలబడేవాడు. పాస్టరు గారు ఆదివారం నోవహు ఓడ గురించి చెబుతూ చెబుతూ జిరాఫీల దగ్గరికి రాగానే ఆగి గెర్నోట్ వైపు చూశాడు.

ఆ రోజు గెర్నోట్ ఇంటికొచ్చి పెళ్లాం రోస్వితతో అన్నాడు. "విను. వెండెలిన్ ఆ ఎర్రటోపీ తన చేత్తో తానే, నలుగురి ముందు తీసేదాకా, నేను బీరు ముట్టను."

"నువ్వా? బీరా?" రోస్విత గరిటె కింద పడేసింది. "డాక్టర్ని పిలవనా?"

ఈ సంగతి తెలిసి బీరు భట్టీవాళ్లు సానుభూతి కార్డు పంపారు, నల్ల అంచుతో.

పంది తొడ పొగలో వేలాడదీస్తే ఎంత ఆలస్యమైతే అంత రుచి. గెర్నోట్‌కి ఆ విద్య వేరే నేర్పక్కర్లేదు. పగని అలాగే వేలాడదీశాడు. మొదటి పని దీపాలు. ఈసారి ఒక్క వెంట్రుకంత తప్పు కూడా ఉండకూడదు. దొరికిన కేటలాగులన్నీ తెప్పించి, దొరికిన రకాలన్నీ కొన్నాడు. నలభై ఒక్క రకం. వంటింటి బల్ల మీద వరసగా నిలబెట్టాడు. రోస్విత ఆ స్తంభాల మధ్యలో దారి చేసుకుని బంగాళాదుంప సూపు గిన్నె పెట్టేది.

"గెర్నోట్, ఉప్పు ఎక్కడుంది?"

"ఆ రెండు తలల దీపం దాటాక ఎడమ పక్క తిరుగు."

చీకట్లో చూడాలని ఆ దీపాలు పట్టుకుని బట్టల బీరువాలో దూరి తలుపేసుకునేవాడు. ఒక దీపం వెలుతురు ఎంతంటే, బీరువా సందుల్లోంచి బయటికొచ్చేసరికి పక్కింటి కోడి మధ్యాహ్నం రెండింటికి కూత పెట్టింది. ఇంకోదాని స్తంభం పీపా అంత లావు. మరోదాని పాదం సూపు పళ్లెమంత. ఒకటి అచ్చం పాత గ్యాసు దీపంలాగే ఉంది, కానీ వెలిగిస్తే ఆసుపత్రిలా నీలంగా మండింది. నలభై ఒకటీ ఒకటొకటిగా పెట్టెలో పడ్డాయి. ప్రతి దానికీ గెర్నోట్ ఒకే మాట అనేవాడు. "ఇది చూస్తే వాడు నవ్వుతాడు."

"ఏమయ్యా, నువ్వు దీపాలు ఎంచుతున్నావా, వెండెలిన్ మొహం ఎంచుతున్నావా?" అంది రోస్విత.

"రెండూ ఒకటే."

చివరికి ఒకరోజు ప్లమ్ కేకు పట్టుకుని మందుల షాపు మేడమీదికి ఎక్కాడు. అక్కడ వాల్బుర్గ అనే ముసలావిడ ఉంటుంది. ఎనభై దాటాయి. వాళ్ల నాన్న గ్యాసు కాలంలో మా ఊరి వీధి దీపాలు వెలిగించేవాడు. ఆయన వాడిన పొడుగు కర్ర ఇప్పటికీ ఆవిడ తలుపు వెనకే ఉంది. దాంతో సాలెగూళ్లు దులుపుతుంది.

"స్టేషన్ ముందు ఏడు దీపాలు బాబూ," అంది, కేకు నములుతూ. "మా నాన్న నిటారుగా నిలబడి కర్ర ఎత్తితే కొక్కెం సరిగ్గా అందేది. నాలుగు మీటర్లు అనుకో. స్తంభాలకి ఆకుపచ్చ రంగు. సాయంత్రం ఆరూ పది నిమిషాల బండి వచ్చేలోగా ఎడమ నుంచి కుడికి ఒకటొకటే వెలిగించేవాడు."

"వెలుతురు ఏ రంగులో ఉండేదండీ?"

"గుడ్డు పచ్చసొనలో ఒక్క చుక్క గడ్డి పసరు పిండు. అదీ రంగు. కానీ నీది యాభై ఏడు అంటున్నావు. యాభై ఏడులో మూడోది వెలిగేది కాదే? వంగిపోయి ఉండేది."

"ఎందుకని?"

ముసలావిడ చెప్పింది. అంతా చెప్పింది. గెర్నోట్ చేతిలో కాఫీ కప్పు గాల్లోనే ఉండిపోయింది. మెట్లు దిగేటప్పుడు ఆయన కాళ్లు నేలకి ఆనలేదని కింద మందుల షాపాయన ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

ఇక ఎక్కడా కొనలేదు. తానే చేశాడు. సూదిలాంటి ఇత్తడి గొట్టం తెచ్చి నాలుగు సెంటీమీటర్ల ఆరు మిల్లీమీటర్లకి కోశాడు. వెంట్రుకలాంటి తీగ దాంట్లోంచి లాగాడు. పైన ఆవగింజంత బల్బు. ఆ సాసేజు వేళ్లతో! ఒక బల్బు గడ్డంలో పోయి రెండు రోజుల తర్వాత సూపులో దొరికింది. రంగు కోసం రోస్విత గోళ్ల రంగు సీసాలన్నీ కలిపాడు. పదిహేడోసారికి పచ్చసొన, గడ్డి పసరు కుదిరాయి. వాల్బుర్గ వాళ్ల నాన్న నడిచినట్టే ఒకదాని తర్వాత ఒకటి వెలిగేలా చిన్న యంత్రం పెట్టాడు.

అసలు ఉచ్చు మాత్రం మూడో దీపం. దానికీ తీగ లాగాడు, బల్బు పెట్టాడు, ఎందుకంటే ఉత్త బొమ్మ దీపం పెట్టడానికి ఆయనకి చేతులు రావు. ప్రదర్శన ముందురోజు హాల్లో బల్ల కిందికి దూరి ఆ ఒక్క తీగా కత్తిరించాడు. స్తంభాన్ని బొటనవేలితో మెల్లిగా వంచాడు. వంచుతూ ఈల వేశాడు. రేపు నాలుగింటికి ఆరు దీపాలు వెలుగుతాయి, మూడోది వెలగదు. వెండెలిన్ ఊరుకుంటాడా? మైకులో ఎగిరి గంతేస్తాడు. "దీపం చచ్చింది! స్తంభం వంగింది!" అంటాడు. అప్పుడు ముందు వరసలో కూర్చున్న వాల్బుర్గ లేస్తుంది. ఆ కారణం చెబుతుంది. వాడి నోటితో వాడే అడిగి మరీ చెప్పించుకుంటాడు.

ఈ సంగతి రోస్వితకి చెప్పలేదు. మంచి మనిషే. కానీ ఆవిడకి చెబితే బేకరీలో మైకు పెట్టినట్టే.

మర్నాడు సాయంత్రం నాలుగైంది. హాలు కిక్కిరిసింది. ముందు వరసలో వాల్బుర్గ, ఒళ్లో చేతిసంచి. ఆవిడ పక్కన ఎవరో కొత్తాయన నిలబడ్డాడు, ఆకుపచ్చ కోటు, చేతిలో క్యారెట్. పరదాలు లాగారు. చీకటి. వెండెలిన్ మైకు పట్టుకున్నాడు, ఇంకో చేతిలో కాలిపర్, ముందే నోరు తెరిచి.

"ఇక మన జిరాఫీల ఊరు! మెడలు పైకెత్తండి!"

హాలు నవ్వింది. గెర్నోట్ బొత్తాం నొక్కాడు.

ఒకటో దీపం వెలిగింది. పచ్చసొన రంగు. హాల్లో 'ఆహా' అని వినిపించింది. రెండోది వెలిగింది.

మూడోది వెలిగింది.

చక్కగా, నిటారుగా, కొత్త పెళ్లికొడుకులా నిలబడి వెలిగింది. తర్వాత నాలుగు, ఐదు, ఆరు, ఏడు. గెర్నోట్ ఉలిక్కిపడి పక్కకి చూశాడు. రోస్విత మురిసిపోతూ ఆయన చెవిలో అంటోంది.

"నేనేగా! పొద్దున ఫ్లాస్కు పెడదామని కిందికి వంగితే తీగ తెగి కనబడింది. నువ్వు ఏడాది కష్టపడ్డావు, పాపం చూసుకోలేదు అనుకున్నా. నేనే అతికించా. స్తంభం కూడా వంగిపోతే సరిచేశా. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అతికించిన చెయ్యి, చూశావా?"

వెండెలిన్ వంగి కాలిపర్ ఆనించాడు. నాలుగు సెంటీమీటర్ల ఆరు. మళ్లీ ఆనించాడు. మళ్లీ నాలుగు సెంటీమీటర్ల ఆరే. రంగు చూశాడు. వాసన కూడా చూశాడు. మొహం ఎండు నిమ్మకాయలా అయింది. మైకు దగ్గరికి వచ్చి, పళ్లు పీకించుకున్నట్టు, "తప్పు... లేదు," అన్నాడు.

చప్పట్లు. ఆ చప్పట్లకి చర్చి గంట తనంతట తనే మోగింది. జిరాఫీ పేరు అక్కడితో పోయినట్టే. ఇంకొకడైతే వంగి దండం పెట్టి ఇంటికి పోయేవాడు. కానీ గెర్నోట్‌కి ఆ చప్పట్లు రుచించలేదు. నక్కకి ఉచ్చు వేస్తే, నక్క పడకపోగా, ఉచ్చు బాగుందని మెచ్చుకుని వెళ్లిపోతున్నట్టు ఉంది. ఆ ఎర్రటోపీ వాడి తలమీదే ఉంది. ఏడాది దాహం గొంతులోనే ఉంది. నోరు తెరవాలంటే ముందు తన టోపీ పోతుంది. జిరాఫీ మళ్లీ బతుకుతుంది. ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణంలో సగం చాలు అనిపించింది.

టోపీ తీసి బల్ల మీద కొట్టాడు.

"తప్పుంది!" అన్నాడు. "నా మూడో దీపం తప్పు. అది యాభై ఏడులో వెలగలేదు!"

మా క్లబ్బు పుట్టిన నాటి నుంచి ఎవడూ తన తప్పు తానే చెప్పలేదు. వెండెలిన్ కళ్లు బల్బుల్లా వెలిగాయి.

"విన్నారా జనులారా! జిరాఫీ గారే ఒప్పుకుంటున్నారు! మన నియమం ప్రకారం సాక్షి కావాలి. ఆ ఏడు కళ్లారా చూసినవాళ్లు ఎవరున్నారు?"

"నేనున్నాగా," అంది వాల్బుర్గ.

వెండెలిన్ పరుగున వెళ్లి తన చేత్తో మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. "గట్టిగా చెప్పండి అత్తా. వెనకవాళ్లకి కూడా వినపడాలి."

"ఒరేయ్ వెండెలిన్, నిజంగానే చెప్పమంటావా? మీ నాన్న సంగతిరా."

"మా నాన్నా! అయితే ఇంకా గట్టిగా!"

"సరే, నీ ఇష్టం. నాకప్పుడు పదమూడేళ్లు. మా నాన్నకి టిఫిన్ డబ్బా పట్టుకెళ్లాను. మీ నాన్న కొత్త మోటారు సైకిలు కొన్నాడు. స్టేషన్ ముందు మొదటి చుట్టు కొడుతున్నాడు. ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఇంకో చేత్తో జేబు గడియారం తీశాడు, చుట్టు టైముకి పూర్తవుతోందో లేదో చూసుకోవడానికి. దీపం మాత్రం దాని టైముకి దాని చోట్లోనే ఉంది నాయనా. మీ నాన్నే దాని మీదికి వచ్చాడు."

హాల్లో ఎవడో కిసుక్కుమన్నాడు.

"స్తంభం ముసలివాడిలా వంగింది. మీ నాన్న లేచి, టోపీ సర్దుకుని, మా నాన్నతో ఏమన్నాడో తెలుసా? 'గుర్రం గుద్దింది, రాసుకో' అన్నాడు. అవతల బీరు భట్టీ గుర్రం లోటె, పాపం, నిలబడి గడ్డి నములుతోంది! దాని పేరున రిపోర్టు రాసి ముద్ర కొట్టాడు. బతికినన్నాళ్లూ దానికి కళ్లకి గంతలే. స్టేషన్ దగ్గరికి రానివ్వలేదు. పీపాలు లాక్కుంటూ చర్చి కొండెక్కి చుట్టూ తిరిగి పోయేది. బాగు చేయించే పని రైల్వేది అని ఊరూ, ఊరిది అని రైల్వే, గుర్రానిది అని ఇద్దరూ. ఏళ్లపాటు మూడో దీపం వెలగలేదు. ఆ లోటె నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను."

"అబద్ధం!" వెండెలిన్ గొంతు మైకులో కీచుమంది. "ఆధారం ఏదీ? మా ఇంట్లో తప్పు..."

"నీ నెత్తి మీదే ఉందిగా ఆధారం. టోపీ అంచు కింద చూసుకో. దీపస్తంభం ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంటుంది. పోదు అది, మా నాన్న మంచి రంగు వేసేవాడు."

నాలుగొందల మంది చూస్తున్నారు. వెండెలిన్ చెయ్యి పైకి లేచింది. ఎర్రటోపీ తీశాడు. తన చేత్తో తానే. తిరగేశాడు. అంచు కింద వేలెడు పొడుగున ఆకుపచ్చ గీత. ఏళ్ల తరబడి దాన్ని 'మా నాన్న సేవకి గుర్తు' అని చూపిస్తూ తిరిగిన గీత అదే. అలవాటు కొద్దీ కాలిపర్ తీసి కొలిచాడు కూడా.

వెనక నుంచి ఎవడో గుర్రంలా సకిలించాడు. అంతే. హాలు నవ్విన నవ్వుకి పరదాలు ఊడిపడ్డాయి, పదకొండు రైళ్లు పట్టాలు తప్పాయి, కుందేళ్ల గడ్డి మూలమూలల నుంచి పైకి లేచింది. ఆ రోజు నుంచి ఊళ్లో జిరాఫీ లేదు. గుర్రం వెండెలిన్ ఉన్నాడు. తెల్లారేసరికి వాళ్ల గేటుకి ఎవరో గడ్డిమోపు కట్టి వెళ్లారు.

గెర్నోట్ బల్ల కిందికి దూరాడు. మూడో తీగ పట్టుకుని పుటుక్కున తెంపాడు. స్తంభం వంచాడు. లేచి, బోడి తలతోనే, బీరు గ్లాసు అందుకున్నాడు.

"ఏడాది ఆగావు, ఇంకో నిమిషం ఆగు," అంది రోస్విత. "నాకు చెప్పకుండా దాచినందుకు మొదటి గ్లాసు నాది." తీసుకుని తాగేసింది. గెర్నోట్ రెండోది ఒక్క గుక్కలో ఖాళీ చేసి కళ్లు మూసుకున్నాడు. దీపాలన్నీ ఒక్కసారే వెలిగినట్టుందిట లోపల.

అలా అందరూ నవ్వి నవ్వి అలిసిపోయి కాస్త సద్దుమణిగాక, ముందు వరసలో మొదట్నించీ కదలకుండా నిలబడ్డ ఆకుపచ్చ కోటాయన క్యారెట్ పైకెత్తి అడిగాడు.

"ఇదంతా బాగానే ఉంది గానీ, కుందేళ్లని ఎన్నింటికి వదుల్తారండీ?"